చీర పెట్టాం... పేరు మరిచాం!

రిటైర్మెంట్ ఫంక్షన్ అంటే ఎట్లా ఉంటుందో మీలో చాలామంది చూసే ఉంటారు. ఒక బల్ల, బల్లమీద తెల్లగుడ్డ, వరసగా మడత కుర్చీలు, ఒక బంతిపూల దండ, ఒక శాలువా, ఒక గోడ గడియారం. ఒకరి తర్వాత ఒకరు లేచి “వీరి సేవలు మరువలేనివి” అంటారు. తర్వాత లడ్డు, మిక్చరు, టీ. అరగంటలో కుర్చీలు మడిచేస్తారు, బల్ల పక్కకు జరిపేస్తారు. అంతే!

అట్లాంటి ఫంక్షనొకటి ఇన్నేళ్ళయినా నా మనసులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. అది 1990లనాటి మాట. అనంతపురంలో ఒక ఆఫీసులో నేను టైపిస్టుగా పనిచేసేదాన్ని. ఆఫీసు పేరు చెప్పను లెండి. తప్పు ఆఫీసుది ఒక్కటే కాదు, నాది కూడా.

మా ఆఫీసుకు నీళ్ళు తెచ్చే ఆయమ్మ ఒకామె ఉండేది. అనంతపురం వేసవి సంగతి మీకు వేరే చెప్పాలా? ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల వాన పడితే అదే గొప్ప అనుకునే ప్రాంతం మనది. ఏప్రిల్ వచ్చిందంటే బోర్లు ఎండిపోయేవి. ఆయమ్మ పొద్దున్నే వీధి చివర కొళాయి దగ్గర వరసలో నిలబడి, చంకన ఒక బిందె, నెత్తిన ఒక బిందె పెట్టుకొని వచ్చేది. మేము పది గంటలకు వచ్చి కూర్చునేసరికి కుండలో చల్లటి నీళ్ళుండేవి. పన్నెండేళ్ళు అట్లా తెచ్చింది. ఆ నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయని మాలో ఒక్కరూ ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు.

ఆమెకు మోకాళ్ళ నొప్పులు ముదిరి ఇక రాలేనన్నప్పుడు, “ఊరికే పంపితే బాగుండదు, చిన్న సభ పెడదాం” అనుకున్నాం. తలా కొంచెం వేసుకొని చీర కొన్నాం. ఆఫీసరు గారు చదవడానికి నాలుగు వాక్యాలు టైపు చేయమని నాకే చెప్పారు. చేశాను. పేరు రావలసిన చోట మాత్రం ఖాళీ వదిలాను. ఎందుకంటారా? ఆమె పేరు నాకు తెలియదు! ఎవరినైనా అడిగి తర్వాత నింపుదాంలే అనుకొని, మరిచిపోయాను.

సభలో ఆఫీసరు గారు చదువుతూ చదువుతూ ఆ ఖాళీ దగ్గర ఒక్క క్షణం ఆగారు. తర్వాత తనకు తోచిన పేరొకటి చెప్పేసి ముందుకు సాగిపోయారు. అందరం చప్పట్లు కొట్టాం.

సాయంత్రం నేను ఇంటికి బయలుదేరుతుంటే పెరట్లో గ్లాసుల చప్పుడు వినిపించింది. తొంగిచూస్తే ఆయమ్మ! తన వీడ్కోలు సభలో మేము తాగిన టీ గ్లాసులు తానే కూర్చొని కడుగుతోంది. నన్ను చూసి నవ్వింది.

“సీర బాగుందమ్మా. కానీ సారు సెప్పిన పేరు నాది కాదే! ఇంగెవరినో అంటాండారేమో అని సుట్టూ సూస్తి” అన్నది. కాసేపాగి, మెల్లగా, “రెండు నెల్ల దుడ్డు ఇంగా ఇయ్యలేదమ్మా. ఎప్పుడిస్తారో రవ్వంత కనుక్కోమ్మా” అన్నది.

ఆమె జీతం కంటింజెన్సీ పద్దులోంచి ఇచ్చేవాళ్ళు. ఆ పద్దు బిల్లు ఎక్కడో ఆగిపోయింది. చీర కొనడానికి చందాలు వేసుకున్న మాలో ఒక్కరికీ ఆ సంగతి తట్టలేదు! ఆ రోజు నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

మాటలోనే ఉంది అర్థం

కృతజ్ఞత అనే మాటను మనం పరీక్షల్లో రాసి, సభల్లో పలికి అరగదీసేశాం గానీ, దాని అర్థం ఎప్పుడైనా ఆలోచించారా? ‘కృతం’ అంటే చేసినది. ‘జ్ఞ’ అంటే తెలిసినవాడు, తెలిసినది. ఎదుటివాళ్ళు మన కోసం ఏం చేశారో ఎరిగి ఉండటమే కృతజ్ఞత! దండా కాదు, శాలువా కాదు. ముందు తెలుసుకోవాలి, తర్వాతే చెప్పాలి. మేము చేసిన పొరపాటు అదే. తెలుసుకోకుండా చెప్పాం.

మన పల్లెల్లో ‘థ్యాంక్స్’ అనే మాట వాడకం తక్కువ. అంతమాత్రాన మనవాళ్ళకు మేలు తెలియదనుకోకండి. “నీ కడుపు సల్లగుండ” అంటారు. “సల్లంగుండు నాయనా” అంటారు. సాయం చేసిన వాళ్ళింట్లో పెండ్లయితే పిలవకముందే పోయి పొయ్యి దగ్గర కూర్చుంటారు. ఒకరి చేనికి ఇంకొకరు ముయ్యికి పోయి కలుపు తీస్తే, వాళ్ళు మళ్ళీ వీళ్ళ చేనికి వచ్చి తీరుతారు. ఇరుగుపొరుగు దగ్గర ఇంత బాగా తెలిసిన మనకు ఆఫీసు గడప తొక్కేసరికి, అంగన్‌వాడీ సెంటరుకు వెళ్ళేసరికి, కుట్టుమిషన్ల షెడ్డులో కూర్చునేసరికి ఏమవుతుందో ఏమో! “వాళ్ళ పని వాళ్ళు చేశారు, జీతం తీసుకుంటున్నారు, ఇంకా చెప్పేదేముంది?” అనుకుంటాం. అవునా, కాదా?

మన్రోలప్ప కథ తెలుసా?

పేరు గుర్తుపెట్టుకోవడం మన సీమకు కొత్తేమీ కాదు. పెద్దవాళ్ళను అడిగి చూడండి, ‘మన్రోలప్ప’ అనే పేరు విన్నారేమో! అది ఏ దేవుడి పేరో అనుకునేరు. ఒక కలెక్టరు పేరు!

1800లో నిజాము ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాక, ఇక్కడికి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చినవాడు థామస్ మన్రో. 1807 దాకా ఉన్నాడు. ఊరూరూ తిరిగి రైతుతో నేరుగా మాట్లాడి శిస్తు కట్టే పద్ధతి పెట్టాడు. ఈ శిస్తు రైతు మోయలేడు, నాలుగో వంతు తగ్గించండి అని 1807లో పైవాళ్ళకు రాశాడు. అప్పుడు వాళ్ళు వినలేదు. తర్వాత తానే మద్రాసు గవర్నరయ్యాక, 1820లో ఆ తగ్గింపు అమల్లోకి వచ్చింది. పదమూడేళ్ళ కిందటి రైతు కష్టాన్ని ఆయన మరిచిపోలేదన్నమాట.

ఉద్యోగం ముగించుకొని స్వదేశం వెళ్ళబోయే ముందు, తాను పనిచేసిన ఈ జిల్లాలను చివరిసారి చూసి వీడ్కోలు చెప్పి వస్తానని బయలుదేరాడు. ఆ ప్రయాణంలోనే పత్తికొండ దగ్గర కలరా సోకి 1827 జూలై 6న చనిపోయాడు. మన గుత్తిలోనే మొదట సమాధి చేశారు. తర్వాత మద్రాసుకు మార్చారు. ఇక్కడి జనం మాత్రం తమ పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్నారు.

ఆయన కంపెనీ దొరే, పాళెగాళ్ళను అణచినవాడే. అందరూ మెచ్చుకోవాలని నేననను. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. తమకు పనికొచ్చిన పని ఒకటి చేశాడని తోస్తే, నోరు తిరగని విదేశీ పేరును కూడా ‘అప్ప’ చేర్చి నాలుకకు అలవాటు చేసుకున్నారు మనవాళ్ళు. అదే మేము, పన్నెండేళ్ళు నీళ్ళు తాగించిన మనిషి పేరు, మన భాషలోని పేరు, తెలుసుకోలేకపోయాం!

ముందు కూలి, తర్వాత చీర

మన చేతికింద పనిచేసేవాళ్ళకు కృతజ్ఞత చెప్పాలంటే మొదటి మెట్టు, వాళ్ళకు రావలసింది చేతిలో పెట్టడం. ఇది రాకుండా తక్కినవన్నీ ఎన్ని చేసినా గిల్టు నగలే.

నార్పల దగ్గర బండ్లపల్లి పేరు మీరు వినే ఉంటారు. 2006 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి దేశానికంతటికీ ఉపాధి హామీ పథకాన్ని మొదలుపెట్టింది ఆ ఊళ్ళోనే. 2005లో చేసిన ఆ చట్టం ఏమన్నది? పనిచేసిన పదిహేను రోజులలోపల కూలి ఇవ్వాలన్నది, ఆలస్యమైతే పరిహారం ఇవ్వాలన్నది. కరువు నేలమీద కూలి ఒక వారం ఆలస్యమైతే ఇంట్లో ఏమవుతుందో తెలిసినవాళ్ళే ఆ మాట రాయించి ఉంటారు. అంగట్లో అరువు ఆగిపోతుంది. పిల్లకు జ్వరమొస్తే వడ్డీకి తేవాలి. ‘రేపిస్తాలే’ అనే మాట మనకు చిన్నది. వాళ్ళకు చిన్నది కాదు.

ఇంకో సంగతి చూడండి. 2020 మార్చి 22న సాయంత్రం ఐదు గంటలకు మనమందరం వాకిళ్ళలో నిలబడి వైద్య సిబ్బంది కోసం చప్పట్లు కొట్టాం, పళ్ళేలు మోగించాం. ఆ కరోనా రోజుల్లో ఇంటింటికీ తిరిగినవాళ్ళు మన ఆశా కార్యకర్తలు. చప్పట్లు విని వాళ్ళకూ సంతోషమయ్యే ఉంటుంది. కానీ అదే ఏడాది ఆగస్టులో పలు రాష్ట్రాల ఆశాలు సమ్మెకు దిగారు. మాకు సరైన వేతనమివ్వండి, రక్షణ సామగ్రి ఇవ్వండి అని అడిగారు. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశపు ఆశాలకు అంతర్జాతీయ పురస్కారం ప్రకటించింది. పది లక్షల మందికి పైగా ఉన్న ఆడవాళ్ళకు దక్కిన గౌరవమది! అయినా వాళ్ళను ఉద్యోగులుగా కాక, స్వచ్ఛంద కార్యకర్తలుగానే లెక్కలో రాస్తూ వచ్చారు.

చప్పట్లు వద్దని కాదు. చప్పట్లు వేరు, జీతం వేరు. ఒకదాని బదులు ఇంకొకటి ఇస్తే పుచ్చుకున్న మనిషికి వెంటనే తెలిసిపోతుంది. మా ఆయమ్మకు తెలిసిపోలేదూ!

మన ఇళ్ళ సంగతికే రండి. పండక్కి పనిమనిషికి పాత చీర ఇస్తాం. ఒక పూట రాకపోతే జీతంలో కోస్తాం. బంధువులొచ్చిన నెలలో రెట్టింపు గిన్నెలు తోమించి మామూలు జీతమే ఇస్తాం. “మా ఇంట్లో మనిషిలా చూసుకుంటున్నాం” అని చెప్పుకుంటాం కూడా! ఒక్క నెల చేసి చూడండి. ఒకటో తారీఖున, ఆమె అడగకముందే, ఎక్కువ చేసిన పనికి లెక్కకట్టి, “ఇది మొన్న చుట్టాలొచ్చిన నాలుగు రోజులకు” అని విడిగా చేతిలో పెట్టండి. ఆమె ముఖం చూడండి. తర్వాత నాకు చెప్పండి!

ఎట్లా చెప్పాలి?

రావలసింది ఇచ్చాం. ఇప్పుడు మాట సంగతి చూద్దాం.

మొదటిది, చేసిన పనిని పేరుపెట్టి చెప్పాలి. “చాలా థ్యాంక్సండీ, మీరు లేకపోతే ఎట్లా!” అనే మాట ఎవరికైనా చెప్పొచ్చు. అందుకే అది ఎవరి మనసులోనూ నిలవదు. మీరు డ్వాక్రా సంఘం లీడరు అనుకోండి. పుస్తకం రాసే అమ్మాయితో ఇట్లా చెప్పి చూడండి. “మొన్న పొదుపు లెక్కలో మూడొందలు తేడా వస్తే రాత్రి కూర్చొని నువ్వు పట్టుకున్నావు. లేకపోతే బ్యాంకులో అందరి ముందు నేను మాటపడేదాన్ని.” రెండు వాక్యాలే! కానీ తాను ఏం చేసిందో, దానివల్ల మీకేం తప్పిందో ఆ అమ్మాయికి తెలుస్తుంది. మరుసటి నెల లెక్క ఇంకా జాగ్రత్తగా చూస్తుంది.

రెండోది, వేడిమీద చెప్పాలి. దోసె చల్లారాక వడ్డిస్తే ఏం రుచి? ఆ రోజు కాకపోతే ఆ వారంలోనైనా చెప్పండి. పదవీ విరమణ దాకా దాచిపెట్టుకోవద్దు. మేము పన్నెండేళ్ళు దాచిపెట్టి ఏం బావుకున్నాం?

మూడోది, ఎవరి ముందు చెబుతున్నామో చూడాలి. అంగన్‌వాడీ సెంటరుకు సూపర్‌వైజరు వచ్చి, “సెంటరు భలే శుభ్రంగా ఉందే!” అన్నదనుకోండి. టీచరు నవ్వి ఊరుకుంటే ఆ మెప్పు టీచరు ఖాతాలో పడిపోతుంది. “మా ఆయా రోజూ ఎనిమిదింటికే వచ్చి కడుగుతుంది మేడం” అని అక్కడే, అప్పుడే చెప్పాలి. ఆయాతో వంటగదిలో చెప్పే పది థ్యాంక్సుల కంటే సూపర్‌వైజరు ముందు చెప్పిన ఈ ఒక్క మాట విలువైనది. కొందరికి మాత్రం నలుగురిలో పొగిడితే సిగ్గు, ఇబ్బంది. అట్లాంటివాళ్ళను పక్కకు పిలిచి చెప్పండి. మనిషిని బట్టి మాట.

నాలుగోది, కనిపించని చేతిని వెతకాలి. ధర్మవరం పట్టుచీర చూసి “ఎంత బాగా నేశాడు!” అంటాం. మగ్గం మీద కూర్చున్న మనిషి కనిపిస్తాడు. పొద్దున లేచినప్పటినుంచి ఇంటి పనుల మధ్య కండెలు చుట్టి ఇచ్చిన ఇల్లాలు కనిపిస్తుందా? కుట్టు షాపులో జాకెట్టు కత్తిరించిన మాస్టరు పేరు మనకు తెలుసు. హుక్కులు కుట్టి, చేత్తో అంచు మడిచి కుట్టిన పిల్ల పేరు తెలుసా? ఏ పని బాగున్నా, “ఇందులో ఇంకెవరి చెయ్యి ఉంది?” అని ఒక్కసారి అడగండి. ఇంట్లో ఉండే మనకు ఈ సంగతి ఇంకొకరు నేర్పాలా? మన వంట తిని, “ఉప్పు తగ్గింది” అన్నప్పుడు మాత్రమే మనం గుర్తొచ్చే రోజులు మనకు తెలియనివా?

ఐదోది చాలా ముఖ్యం. కృతజ్ఞత మాటకు తోకగా ఇంకో పని తగిలించకూడదు. “నిన్న బాగా సాయం చేశావమ్మా... అన్నట్టు, ఈ ఫైలు కూడా చూసిపెట్టు” అంటే, ఆ మొదటి మాట ఎర అయిపోతుంది. చెప్పండి, ఆగండి. పని సంగతి రేపు.

ఒక చిన్న ఉత్తరం

అనంతపురం వాళ్ళకు ఉత్తరాల విలువ బాగా తెలుసు. 1920లో స్పెయిన్‌లో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ గారు 1969లో మన జిల్లాకు వచ్చి, రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ద్వారా నలభై ఏళ్ళు ఇక్కడే పనిచేసి, 2009 జూన్ 19న ఇక్కడే కన్నుమూశారు. బత్తలపల్లిలో ఆయన సమాధి ఉంది. ఆ సంస్థకు ఎక్కడో స్పెయిన్‌లోని కుటుంబాలు సాయం పంపితే, ఇక్కడి పల్లె పిల్లలు వాళ్ళకు ఉత్తరాలు రాయడం, బొమ్మలు వేసి పంపడం మనలో చాలామంది ఎరిగినదే. దేశాలు వేరు, భాషలు వేరు. అయినా పిల్ల చేతిరాత, చేనుబొమ్మ అక్కడిదాకా వెళ్తాయి. డబ్బు పంపిన మనిషికి రసీదు సరిపోదు కదా! తాను పంపినది ఎక్కడ చేరిందో తెలియాలి.

మనకు మేలు చేసిన నర్సమ్మకో, బడి టీచరుకో, బస్సులో పర్సు మరిచిపోతే తెచ్చిచ్చిన కండక్టరుకో ఇట్లా ఉత్తరం ఎందుకు రాయకూడదు? వాళ్ళకు రాయండి. వీలైతే వాళ్ళ పై అధికారికి కూడా రాయండి. ఫిర్యాదులు రాసేవాళ్ళు బోలెడుమంది ఉంటారు. మెచ్చుకుంటూ రాసేవాళ్ళు ఎందరు? పెద్ద భాష అక్కరలేదు. ఇట్లా ఉంటే చాలు:

“అయ్యా, పోయిన మంగళవారం రాత్రి మా అమ్మను మీ ఆస్పత్రిలో చేర్చాము. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టరు గారు (పేరు రాయండి) గంటకొకసారి వచ్చి చూశారు. మా అమ్మకు చెవులు సరిగా వినపడవని తెలిసి, ప్రతి మందూ చేత్తో చూపించి చెప్పారు. మా అమ్మ భయం లేకుండా నిద్రపోయింది. ఈ సంగతి మీకు తెలియాలని రాస్తున్నాను.”

చూశారా? ‘మహోన్నత సేవలు’ లేవు, ‘మానవతామూర్తి’ లేదు. రోజు ఉంది, పేరు ఉంది, పని ఉంది. రాయడం రానివాళ్ళు పిల్లలచేత రాయించండి. పిల్లలకూ ఒక మంచి అలవాటు అవుతుంది. ఫోనులో మెసేజి పెట్టినా మంచిదే. కానీ నమస్కారం బొమ్మ ఒకటి నొక్కి ఊరుకోవద్దు, ఏం చేశారో ఒక వాక్యం రాయండి.

కానుకా? లంచమా?

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఏదో సర్టిఫికెట్టు కోసం ఆఫీసుకు వెళ్తాం. పని అయిపోతుంది. “పాపం, తిప్పకుండా చేశాడు, టీ తాగమని రెండొందలు ఇద్దాం” అనిపిస్తుంది. మనసు మంచిదే! చట్టానికి మాత్రం అది మంచిది కాదు. 1988 నాటి అవినీతి నిరోధక చట్టం పనికి ముందు ఇచ్చేదాన్నే కాదు, పని అయ్యాక ప్రతిఫలంగా ఇచ్చేదాన్ని కూడా లెక్కలోకి తీసుకుంది. 2018లో ఆ చట్టాన్ని సవరించారు. పుచ్చుకున్నవాళ్ళకే కాదు, ఇచ్చినవాళ్ళకు కూడా ఏడేళ్ళ దాకా శిక్ష పడవచ్చు. బలవంతం మీద ఇవ్వవలసి వస్తే, ఏడు రోజులలోపల పోలీసులకో ఏసీబీ వాళ్ళకో చెప్పుకుంటే ఇచ్చినవాళ్ళకు రక్షణ ఉంటుంది.

చట్టం సంగతి అట్లా ఉంచండి. మీరు సంతోషంగా ఇచ్చిన రెండొందలు మీ తర్వాత వరసలో నిలబడిన ముసలమ్మకు రేటు అయిపోతుంది! ఆమె దగ్గర లేకపోతే ఆమె కాగితం ఆగిపోతుంది. మన కృతజ్ఞత ఇంకొకరికి భారం కాకూడదు. సర్కారు ఆఫీసులో మంచి మనిషికి ఇవ్వవలసింది నోటితో ఒక మంచిమాట, వాళ్ళ పై అధికారికి పైన చెప్పినట్టు ఒక ఉత్తరం. అంతే.

పనిచేసే చోట తోటివాళ్ళకు ఇచ్చే కానుక వేరు. దానికి కూడా ఒక మర్యాద ఉంది. ఖరీదైనది ఇస్తే పుచ్చుకున్నవాళ్ళు బదులు తీర్చలేక బాధపడతారు. మనింట్లో మనం చేసిన తినుబండారం అయితే ఏ బాధా లేదు. మన నేలమీద పండే చెనక్కాయలు ఉండనే ఉన్నాయి!

డబ్బాలో పెట్టి ఇవ్వడానికి: చెనక్కాయ ఉండలు

కావలసినవి: చెనక్కాయ గింజలు అర కిలో, బెల్లం 350 గ్రాములు, ఏలకులు నాలుగు, నెయ్యి ఒక చెంచా.

చేసే విధానం: గింజలను సన్న సెగమీద, మాడకుండా, కమ్మటి వాసన వచ్చేదాకా వేయించాలి. చల్లారాక చేత్తో నలిపి, చేటలో చెరిగి పొట్టు తీసెయ్యాలి. సగం గింజలను బద్దలుగా ఉంచి, సగం కచ్చాపచ్చాగా దంచుకోవాలి. బెల్లం మునిగీ మునగకుండా నీళ్ళు పోసి కరిగించి, ఇసుక లేకుండా వడగట్టి, మళ్ళీ పొయ్యిమీద పెట్టాలి. పళ్ళెంలో నీళ్ళు పోసి పాకం చుక్క వేస్తే, అది చేత్తో ఉండ చేయడానికి వచ్చి, కాస్త గట్టిగా ఉండాలి. అప్పుడు దించి నెయ్యి, ఏలకుల పొడి, గింజలు వేసి కలపాలి. అరచేతులకు నెయ్యి రాసుకొని, వేడి తగ్గకముందే ఉండలు కట్టాలి. ఆలస్యమైతే బిగుసుకుపోతుంది. అప్పుడు రెండు నిమిషాలు సన్న సెగమీద పెడితే మళ్ళీ దారికొస్తుంది. గాలి చొరని డబ్బాలో పెడితే రెండు వారాలు నిలవ ఉంటాయి.

డబ్బా మూతమీద చిన్న చీటీ అంటించండి. ‘థ్యాంక్స్’ అని కాదు. ఎందుకు ఇస్తున్నారో రాయండి. వేరుశనగ పడనివాళ్ళుంటే ముందే కనుక్కోండి. అది కూడా ఎదుటి మనిషిని ఎరిగి ఉండటమే కదా!

ఆయమ్మ ఇంటికి వెళ్ళాను

ఇంతకీ మా ఆయమ్మ కథ చివర చెప్పలేదు కదూ! మరుసటి రోజు నేను ఆ బిల్లు ఎక్కడ ఆగిందో కనుక్కున్నాను. ఒక సంతకం దగ్గర ఆగింది. అంతే! అడిగినవాళ్ళు లేక ఆగింది. వారం రోజులు వెంటపడితే డబ్బు వచ్చింది. దాన్ని తీసుకొని నేనే ఆమె ఇంటికి వెళ్ళాను. ఈసారి ఆమె పేరు అడిగి తెలుసుకొనే వెళ్ళాను.

గడప దగ్గర నిలబడి ఆ పేరుతో పిలిచాను. లోపలినుంచి, “ఎవురది?” అంటూ వచ్చింది. నన్ను చూసి నిలబడిపోయింది. డబ్బు లెక్కపెట్టి ఇచ్చాను. తర్వాత చెప్పాను. “ఆ కొళాయి దగ్గరికి నిన్న నేను నడిచి వెళ్ళి చూశాను. ఉత్త చేతులతో పోతేనే నాకు కాళ్ళు పీకినాయి. నువ్వు పన్నెండేళ్ళు రెండు బిందెలతో వచ్చినావు. మేము ఒక్కనాడూ దాహంతో ఉండలేదు. ఆ రోజు కాగితంలో నీ పేరు రాయకుండా ఖాళీ వదిలింది నేనే. తప్పు నాది.”

ఆమె ఏమీ అనలేదు. లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి, “తాగమ్మా, ఎండలో వచ్చినావు” అన్నది. నాకు గొంతు పూడుకుపోయింది. తాగాను.

ఈమధ్య ఇదంతా పత్రికలో రాస్తానని ఆమె మనవరాలి ఫోనులో ఆమెతో మాట్లాడి అడిగాను. ఇప్పుడు బాగా పెద్దదైపోయింది, గొంతు మాత్రం అదే. రాసుకో అన్నది. “నీ పేరు వేయించేదా?” అంటే నవ్వి, “పత్రికలో వద్దులేమ్మా. నన్ను పిలిసేవాళ్ళకు తెలిస్తే సాలు” అన్నది.

అందుకే ఆమె పేరు ఇక్కడ లేదు. కానీ నాకు తెలుసు.

మరి మీ సంగతేమిటి? మీ ఇంటికి, మీ సెంటరుకు, మీ పిల్లల బడికి రోజూ వచ్చి పనిచేసి వెళ్ళే మనుషుల్లో ఎందరి పేర్లు మీకు తెలుసు? ఈ పేజీ మూసేముందు వేళ్ళమీద లెక్కపెట్టండి. ఒక్క వేలి దగ్గర ఆగిపోయినా, రేపు పొద్దున ఆ మనిషి రాగానే మొదట అడగవలసింది ఏమిటో మీకు తెలిసిపోయినట్టే!